సర్ దుల్ఫో వెదురుగడలు

గడ్డం గీసుకోవాలి, బడికి వెళ్లి వెదురుగడలకు కొబ్బరినూనె పట్టించాలి, పర్యవేక్షకురాలు వచ్చేలోగా పిల్లల చేత ఒకసారి ఆడించి చూడాలి. ఆ శుక్రవారం ఉదయం దుల్ఫో మాస్టారు వేసుకున్న పథకం ఇంతే. కినాబుహాన్ ఉన్నత పాఠశాలలో వ్యాయామం నేర్పేవాడు ఆయనొక్కడే. తక్లోబాన్ నగరంలో జరిగే క్రీడోత్సవంలో ఆడటానికి ఈ తీరంలోని బడుల నుంచి ఒక్క జట్టును ఎంచడానికి అద్వింకులా మేడమ్ తొమ్మిదింటికి వస్తున్నారు. గడలు టకటకా కొట్టుకుంటుంటే వాటి మధ్య పాదాలు నలగకుండా గెంతే తినిక్లింగ్ ఆటలో తన పిల్లల్ని మించినవాళ్లు లేరని ఆయన నమ్మకం. ఆ పిల్లల్లో తక్లోబాన్ చూసినవాళ్లు కూడా లేరు. వాళ్లను ఎలాగైనా తీసుకెళ్లాలని ఆయన కోరిక.

గడ్డం గీసుకోవడం వరకు అంతా సవ్యంగానే జరిగింది. సామాను గది తలుపు తీస్తే గాలిపోయిన బంతులు, చిరిగిన వల కనిపించాయి. గడలు లేవు. ఆయన నీడన ఆరబెట్టి, చివర్లకు ఎర్రరంగు పట్టీలు వేసి, కన్నబిడ్డల్లా చూసుకున్న గడలవి. కొత్తవి కొట్టుకొద్దామంటే వెదురుపొద ఏటికి అవతల ఉంది. ఏరు పొంగి వారమైంది, ఇంకా తగ్గలేదు.

గేటు దగ్గర కాపలా ఉండే మానో ఇస్కోను అడిగాడు. మానో అంటే అన్న, మానా అంటే అక్క; ఊళ్లో చిన్నాపెద్దా ఆయన్ను అలాగే పిలుస్తారు. ఆయన జెండా కర్ర వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు.

"వడ్రంగి పెద్రింగ్ పట్టుకెళ్లాడు సర్. చర్చి కప్పు ఒరిగిందంట. దేవుడి పని కదా, కాదనలేకపోయాను."

దుల్ఫో చర్చికి పరుగెత్తాడు. కప్పు ఎప్పటిలా తిన్నగానే ఉంది. దాని కింద బల్ల చిత్రిక పడుతున్న పెద్రింగ్‌కు అబద్ధమాడే అలవాటు లేదు. అందుకే చాలాసేపు ఆలోచించి, పడవ నడిపే కార్డోకు ఇచ్చేశానన్నాడు. పడవ పక్కకు ఒరిగిపోకుండా రెండువైపులా కట్టే వెదుళ్లు విరిగాయట. చెప్పడం అయ్యాక ఇంత బాగా అల్లగలిగినందుకు తనలో తనే నవ్వుకున్నాడు. ఆ నవ్వు దుల్ఫో కంటపడింది, గుండెల్లో గుచ్చుకుంది.

రేవు వైపు నడుస్తూ ఆయన ఒక్కొక్కటే కలుపుకున్నాడు. ఈమధ్య తను కనబడగానే జనం మాటలు ఆపేస్తున్నారు. నిన్న కొట్టు దగ్గరా అంతే. ఎందుకో తెలియకేం? వ్యాయామం పేరుతో పిల్లలందరినీ ఏట్లో దింపి ఈత నేర్పాడు. బట్టలు తడిశాయని, జలుబు చేసిందని తల్లులు గోల పెట్టారు. తల్లిదండ్రుల సంఘం పెద్ద మానా సేపా అయితే మనవరాలి తడి గౌను తెచ్చి ప్రధానోపాధ్యాయుడి బల్లమీద పిండింది. ఆగస్టులో బడిపిల్లలు ఎక్కిన కార్డో పడవ తిరగబడితే అందరూ క్షేమంగా ఒడ్డు చేరారు. ఊరంతా సాన్ రోకే స్వామికి కొవ్వొత్తులు వెలిగించారు. దుల్ఫో కూడా ఒకటి వెలిగించి వచ్చాడు. ఆ తర్వాత ఎవరూ తనతో ఆ ఊసే ఎత్తలేదు. సరే, ఈ ఊరికి నేను అక్కర్లేదు, బదిలీ అడుగుతాను, పిల్లలు ఈ ఒక్కసారి ఆడితే చాలు అనుకున్నాడు.

కార్డో ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. పడవకు రెండువైపులా చక్కటి వెదుళ్లు కట్టి ఉన్నాయి. దుల్ఫో వాటివైపు వేలు చూపించాడు.

"పెద్రింగ్ నీకిచ్చిన గడలు ఇవేనా?"

పెద్రింగ్ ఆడిన అబద్ధం గురించి కార్డోకు ఎవరూ చెప్పలేదు. అయినా మాస్టారు గడల కోసం ఊరంతా తిరుగుతున్నాడంటే గుట్టు బయటపడే ప్రమాదం వచ్చిందని గ్రహించాడు.

"ఇవే సర్."

"ఎర్ర పట్టీలేవి?"

"సముద్రం నీళ్లు కదా సర్, పోయాయి."

"అయితే విప్పు."

"వేటకెళ్లాలి సర్."

"విప్పు కార్డో."

కార్డో పడవను చూశాడు, మాస్టారిని చూశాడు, నిట్టూర్చి కట్లు విప్పాడు. పడవ మెల్లగా పక్కకు పడుకుంది. వెదుళ్లు భుజాన వేసుకుని వెళ్తున్న దుల్ఫోకు గెలిచానన్న సంతోషం కలగలేదు.

బడి చేరేసరికి అద్వింకులా మేడమ్ గొడుగు కింద కూర్చుని ఉన్నారు. పిల్లలు చెప్పులు విప్పి బారులు తీరారు. వెదుళ్లకు నత్తగుల్లలు అంటుకుని ఉన్నాయి, చివర్లు పైకి వంగి ఉన్నాయి, ఎండుచేపల వాసన కొడుతున్నాయి. జట్టులో ముందుండి ఆడే లునింగ్నింగ్ వాటిని చూసింది, వెళ్లి తన చోట నిలబడింది. ఇంకెవరినీ నమ్మలేక దుల్ఫోనే ఒకవైపు కూర్చుని గడలు పట్టుకున్నాడు.

ఆట మొదలైంది. వంకర వెదుళ్లు దొర్లుతున్నా పిల్లల పాదాలు తాళం తప్పలేదు. మేడమ్ మోకాలిమీద వేళ్లతో తాళం వేయడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడు వంటశాల వెనకనుంచి డప్పు మోగింది. ముందు మానా సేపా, ఆమె వెనక తండ్రులు, వాళ్ల భుజాల మీద నిప్పులపై తిప్పి తిప్పి ఎర్రగా కాల్చిన రెండు పందులు. ఒక్కో పందికి నిలువునా గుచ్చిన ఒక్కో గడ. గడల చివర ఎర్ర పట్టీలు.

దుల్ఫో చేతులు తాళం తప్పాయి. వెదుళ్లు ఫట్టుమని మూసుకున్నాయి. లునింగ్నింగ్ కాలు రెప్పపాటులో పైకి లేచింది, మరోవైపు దిగింది. ఆట ఆగింది, డప్పు కూడా ఆగింది.

"మీ కార్యక్రమం ఇంకా అవలేదా? అది అయ్యేదాకా మమ్మల్ని ఆపమని ఇస్కోకి చెప్పాం కదా," అంది మానా సేపా. తర్వాత మాస్టారి ముఖం చూసి గొంతు తగ్గించింది. "ఇవాళ ఉపాధ్యాయ దినోత్సవం సర్. పొద దగ్గరికి పోలేకపోయాం. ఊళ్లో తిన్నటి వెదురంటే మీదే. అడిగితే తెలిసిపోద్దని అడగలేదు. కార్యక్రమం అంటే ఉపన్యాసాలనుకున్నాం, గడలు కావాలనుకోలేదు. గడలకు అరటిదొప్ప చుట్టాం, మరీ కాలలేదు."

"ఎందుకిదంతా?" అన్నాడు దుల్ఫో.

వెనకాలే వచ్చిన కార్డో టోపీ తీసి ముందుకొచ్చాడు.

"ఆరోజు నా పడవలో ఏడుగురు పిల్లలు సర్. నేను పట్టుకోగలిగింది ఒక్కడినే. మిగతావాళ్లు ఈదుకుంటూ ఒడ్డెక్కి, తాడు తెచ్చి నన్నే లాగారు. మీకేం చెప్పాలో మాలో ఎవరికీ తెలీలేదు. అందుకే పందుల్ని తెచ్చాం."

"తడి గౌను పిండింది నేనే," అంది మానా సేపా. "ఆ తాడు తెచ్చింది నా మనవరాలు." లునింగ్నింగ్ తల వంచుకుంది.

దుల్ఫో కళ్లు తుడుచుకున్నాడు. ఆపుకోలేక ఏడ్చేశాడు కూడా. ఇన్నాళ్లూ తనను ఇంతగా తలుచుకున్న ఊరిని పొద్దుట్నుంచి తిట్టుకుంటున్నందుకు సిగ్గేసింది. ఆ సిగ్గులో కూడా ఎంతో హాయి ఉంది.

"నన్ను పొమ్మంటున్నారనుకున్నాను," అన్నాడు.

"పొమ్మనడానికి ఒక్క పందైనా ఎవరు కోస్తారు సర్?" అంది మానా సేపా.

ఇదంతా వింటూ కూర్చున్న అద్వింకులా మేడమ్ గొడుగు ముడిచారు. తను చూడ్డానికి వచ్చింది కర్రల్ని కాదని, కాళ్లనని, మాస్టారి చెయ్యి తప్పినా ఆ పిల్ల కాలు తప్పలేదని, తక్లోబాన్‌కు సిద్ధం కమ్మని చెప్పారు. పిల్లల కేకలకు ఆ తర్వాతి మాటలు వినబడలేదు. కరకరలాడే పందితోలు వడ్డించమని అడిగి ఉంటారని పళ్లెం చూసినవాళ్లు అన్నారు.

సాయంత్రం దుల్ఫో రేవుకు వెళ్లి, మోకాలిలోతు నీళ్లలో నిలబడి కార్డోతో కలిసి పడవకు వెదుళ్లు కట్టాడు. తన గడలను మాత్రం బూడిదతో ఎంత తోమినా వాసన పోలేదు. ఊరి కుక్కలు వ్యాయామ తరగతికి క్రమం తప్పకుండా రాసాగాయి.

సోమవారం ఆయన సామాను గదికి కొత్త తాళం వేసి, తాళంచెవి మానా సేపాకు ఇచ్చాడు.