రెండు తాళాల గేటు

సకల జనుల సమ్మెతో నగరం స్తంభించిపోయిన రోజుల్లోనే, ఆసియా ఖండానికి శాశ్వత శాంతి ప్రసాదించాలని హైటెక్ సిటీలో నిర్ణయించారు. బస్సులు తిరగడం లేదు, బడులు తెరవడం లేదు, పూటపూటకూ కరెంటు కోత. అయినా అంతరిక్షం, రక్షణ, అణ్వాయుధాల మీద ఇరుగుపొరుగు దేశాల సహకార సదస్సును వాయిదా వేయడానికి ఇవేవీ తగిన కారణాలు కావని నిర్వాహకులు తేల్చారు. వాళ్ళు చెప్పిందీ నిజమే. హాల్లో ఏసీలకు జనరేటరు ఉంది.

భద్రతా ఏర్పాట్లన్నీ బెన్నీ చూశాడు. ఇలాంటి సభలు జరిపించే కంపెనీలో అతను మేనేజరు. ఇది సవ్యంగా గట్టెక్కితే వైస్ ప్రెసిడెంటు అవుతాడు. అణ్వాయుధాన్ని ఒక్కడే ప్రయోగించకుండా ఇద్దరు అధికారులు చెరొక తాళంచెవి తిప్పాలని అతను ఎక్కడో చదివాడు. ఇంకేముంది, హాలు ముందు రోడ్డుకు అడ్డంగా ఇనుప గేటు, అటూ ఇటూ ముళ్ళతీగ, గేటుకు రెండు తాళాలు వెలిశాయి. ఒక చెవి బెన్నీ జేబులో, రెండోది సదస్సు అధ్యక్షులు సోమేశ్వరరావు గారి జేబులో. ప్రతినిధులు లోపలికి రాగానే మూసిన గేటు, సంతకాలయ్యాకే తెరవాలి. ఆసుపత్రికీ అదే దారి అన్న సంగతి ఏర్పాట్ల సమావేశంలో ఎవరికీ తట్టలేదు. ఆ సమావేశానికి రోగులను పిలవలేదు.

ప్రతినిధులు గేటును చూసి ముచ్చటపడ్డారు. ఒకరి రాజధాని మీదికి మరొకరు క్షిపణులు గురిపెట్టుకున్న రెండు దేశాల వాళ్ళు దాని ముందు భుజం భుజం కలిపి ఫొటో కూడా దిగారు. బెన్నీ ఛాతీ ఉప్పొంగింది.

సరిగ్గా ఆ ఉదయమే పుప్పాలగూడలో అతని భార్య జాస్మిన్‌కు నొప్పులు మొదలయ్యాయి. బెన్నీ అత్తగారు సుగుణమ్మ అంబులెన్సు పిలిపించి కూతుర్ని ఎక్కించింది. గచ్చిబౌలి దాటేసరికి నడిరోడ్డు మీద వంటావార్పు. తెలంగాణ కావాలంటూ జనం రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే తింటున్నారు. పోలీసులు పొద్దుటి నుంచీ బతిమాలుతున్నా ఒక్క రాయి కదల్లేదు. అంబులెన్సు కూత వినగానే రాజమ్మ అనే పెద్దావిడ గరిటె పక్కన పడేసింది.

"ఏయ్, పొయ్యి జరుపుండ్రి! బిడ్డ పరేషాన్ల ఉన్నది, కనిపిస్తలేదా?"

ఆడవాళ్ళు కొంగులు చుట్టి ఉడుకుతున్న గుండిగను పక్కకు దించారు. మగవాళ్ళు మండే కట్టెలు లాగేశారు. అంబులెన్సు వెళ్ళిపోయింది. ఇందుకోసం వాళ్ళు ఏ ఒప్పందం మీదా సంతకాలు చేయలేదు.

అంబులెన్సు ఇనుప గేటు దగ్గర ఆగింది. సుగుణమ్మ ఫోన్ చేసింది.

"బాబూ, ఇదేదో గేటండీ, తియ్యనంటున్నారు. పిల్ల తట్టుకోలేకపోతోంది. త్వరగా రండి!"

బెన్నీ వేదిక మీదికి పరిగెత్తాడు. సోమేశ్వరరావు గారు పొరుగువాడి నొప్పిని మన నొప్పిగా భావించాలని గద్గద స్వరంతో చెబుతున్నారు. సంగతి చెవిన వేస్తే, మైకు మీద చెయ్యి పెట్టి చిరాకుపడ్డారు.

"నేను పరస్పర విశ్వాసం గురించి మాట్లాడుతున్నానయ్యా బెన్నీ. ఇందరి ముందు తాళంచెవి తీసి ఇచ్చేస్తే ఇంకేం విశ్వాసం? కొద్ది పేజీలే ఉన్నాయి, ఆగు."

బెన్నీ ఒక్క తాళంచెవితోనే గేటుకు పరిగెత్తాడు. కాపలా ఉన్న ఐలయ్య అప్పటికే బండరాయి ఎత్తి పట్టుకున్నాడు.

"సార్, జర చెప్పుండ్రి, ఒక్క దెబ్బకు పలగ్గొడ్త!"

కమ్మీల సందుల్లోంచి జాస్మిన్ అరుపు వినిపించింది. బెన్నీ వెనక్కి తిరిగి చూశాడు. హాలు మెట్ల మీద టీవీ కెమెరాలు ఉన్నాయి. రెండు తాళాల గేటును తానే పగలగొట్టించే మనిషిని వైస్ ప్రెసిడెంటును చేయరు.

"ఆగు ఐలయ్యా, వచ్చేస్తారు" అన్నాడు.

సుగుణమ్మ ఆ మాట విన్నది. అల్లుడి ముఖంలోకి ఒకసారి చూసి, "బండి వెనక్కి తిప్పు నాయనా" అంది డ్రైవరుతో.

బండి వంటావార్పు దాకా వచ్చేసరికి నొప్పులు ముదిరాయి. రాజమ్మ వాళ్ళు చీరలు అడ్డం పట్టుకున్నారు. అన్నానికి పెట్టిన ఎసరు కానుపుకు పనికొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. అదే సమయానికి హాల్లో, అంతరిక్షంలో ఎదురుపడిన ఉపగ్రహాలు ఒకదానికొకటి దారి ఇచ్చుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించి చప్పట్లు కొట్టారు.

అప్పుడు సోమేశ్వరరావు గారి తాళంచెవి వచ్చింది. గేటు నిబంధనల ప్రకారం తెరుచుకుంది. పత్రికలకు ప్రకటన పంపాలన్నారు. బెన్నీ కూర్చుని తానే రాశాడు: "సదస్సు ప్రశాంతంగా ముగిసింది. ఆందోళనకారులు రోడ్డు మీద పొయ్యిలు పెట్టడంతో ఒక నిండు గర్భిణి నడివీధిలో ప్రసవించవలసి వచ్చింది."

మర్నాడు ఆ వార్తను మనమందరం కాఫీ తాగుతూ చదివాం. అయ్యో పాపం అనుకున్నాం. ఈ ఉద్యమాలకు మానవత్వం లేకుండా పోయిందని రాజమ్మను నోరారా తిట్టి, రెండో కప్పు తెమ్మన్నాం.