చవక బాస్ ఆల్బమ్, ఊగే తలలు

దగ్గరికి రండి తల్లీ, మీరూ రండి నాయనా. ఇంకాస్త దగ్గరికి. మా ఇంట్లో పాట మోగుతోంది, దూరంగా కూర్చుంటే నా మాట మీదాకా రాదు.

చెప్పేదేమిటంటే, సంసారాలు చల్లగా ఉండాలంటే ప్రతి ఇంట్లోనూ చవకబారు బాస్ పాటల ఆల్బమ్ ఒకటి ఉండి తీరాలి! నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

మా ఇంటి ముందు గదిలో మావాడు సెలూన్ నడుపుతాడు. రెండు అద్దాలు, ఒక తిరిగే కుర్చీ, వంతు కోసం కాచుకునేవాళ్లకు ఒక బల్ల, వీధి కిటికీ పక్కన నా పేము కుర్చీ. అంతే సామాను. మొన్నామధ్య వాడు బజారు నుంచి ఒక పెట్టె తెచ్చాడు. నాలుగు డిస్కులు, వంద పాటలు, ఆఫర్‌లో వచ్చాయట. అట్ట మీద పిడికిలి గుద్దుకు పగిలిపోతున్న స్పీకర్ బొమ్మ. పాటలు కట్టినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. చేసిన పని అలాంటిదైతే పేరు ఎవరు మాత్రం వేసుకుంటారు?

ఎలక్ట్రానిక్ సంగీతం అన్నాడు. సరే, విన్నాను. మొదటి పాట దుబ్ దుబ్ అంది. రెండోది దుబ్ దుబ్ దుబ్ అంది. మూడోది మొదటిదే, చొక్కా మార్చుకుని వచ్చింది. దాన్ని రీమిక్స్ అంటారట. ఎంత సుఖం! ఒకటి వింటే వందా విన్నట్టే.

పాతకాలం పాటలతో ఎన్ని తలనొప్పులు! వాటికి మాటలుండేవి. మాటలకు అర్థముండేది. అర్థమయ్యేసరికి ఏడుపొచ్చేది. మా ఆయన పోయిన కొత్తలో రేడియోలో ఒక పాట వచ్చినప్పుడల్లా పొయ్యి మీదది మాడబెట్టేదాన్ని. ఈ వంద పాటల్లో ఏడవడానికి ఎక్కడా సందు లేదు. మా ఇంట్లో గిన్నె మాడి ఎన్నాళ్లయిందో!

ఇక బాస్ సంగతి, అదే ఆ దుబ్ దుబ్ మోత. అది చెవిలోంచి రాదు, అరికాళ్లలోంచి ఎక్కుతుంది. గోడకున్న పాత సున్నం దానంతటదే రాలుతుంది, గీకే మనిషితో పని లేదు. అలమరలో గిన్నెలు వాటంతటవే నడిచొచ్చి అంచున నిలబడతాయి, కోడలు చెయ్యి చాపితే చాలు. పక్కింటి టీచరమ్మ దుప్పట్లు దులపడం మానేసింది. మా గోడ మీద ఆరేస్తే దుమ్ము అదే రాలుతుంది.

వీటన్నిటినీ మించిన వరం ఇంకొకటుంది. మా తిరిగే కుర్చీకి మరలు వదులయ్యాయి. బాస్ పడగానే కుర్చీ ఊగుతుంది, కుర్చీతోపాటు కూర్చున్నవాడి తల ఊగుతుంది. మా పనిలో కత్తెర పట్టినవాడు నోటితో అడుగుతాడు, జవాబు మాత్రం తలను చూసి తెలుసుకుంటాడు. ఊగిందంటే కానిమ్మని అర్థం. తాతల నాటి పద్ధతి.

మావాడు జుట్టు ఇంకాస్త తగ్గించమంటారా అని అడుగుతాడు. తల ఊగుతుంది. తగ్గిస్తాడు. మళ్లీ అడుగుతాడు, మళ్లీ ఊగుతుంది. చెవుల పక్కన నాలుగు వెంట్రుకలు తీయించుకుందామని వచ్చిన బ్యాంకు గుమాస్తా నున్నటి గుండుతో లేచాడు. అద్దంలో చూసుకుని నోరు తెరిచి చాలాసేపు ఏదో అన్నాడు. పాట మంచి జోరు మీదుంది. మెచ్చుకుంటున్నాడని మావాడు నాకు సైగ చేశాడు. చూశారా, ఎంత పెద్ద గొడవ ఎంత చల్లగా ముగిసిందో!

ఆ వరం ఒకరోజు నాకూ దక్కింది. కిటికీ పక్కన కూర్చుని కాచుకునేవాళ్లకు కబుర్లు చెప్పడం నా కొలువు. ఎవరి తాత ఏ లారీ నడిపాడో, ఏ మేస్త్రీ కట్టిన గోడ ఏ వానకు కూలిందో, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేదాన్ని. ఒక ఉదయం మావాడు మనిషెత్తు స్పీకర్ ఒకటి తెచ్చి నా ముందు దించాడు. పాట మోగుతోంది, నా కుర్చీ కాళ్లు గజగజలాడుతున్నాయి.

"అమ్మా, నీ కుర్చీ వెనక వరండాలో వేయనా?" అని నా చెవిలో అరిచాడు.

వద్దురా అనే అన్నాను. నోరు వద్దంది, తల ఊగింది. వాడు తలనే నమ్మాడు.

వరండాకేం, మహారాజులా ఉంది. చీపురుంది, బకెట్టుంది. రెండూ నా మాటకు ఎదురు చెప్పవు. ఊఁ కూడా కొట్టవు.

బట్టలు ఆరేయడానికి వచ్చిన కోడలు నన్ను చూసి ఆగింది. "ఏంటత్తయ్యా, మీ నోటి రేడియో కట్టేశారు?" అంది.

"కట్టేయలేదమ్మా. వినే నాథుడు లేడు."

ఆమె చేతిలోని క్లిప్పు తీగకు పెట్టింది. "ఆదివారం సెలూన్‌లోకి రండి. ఆయన తల నా చేతిలో ఉంటుంది" అంది.

ఎంత పనిమంతుడైనా తన జుట్టు తాను కత్తిరించుకోలేడు కదా. మావాడి తల ఎప్పుడూ కోడలి చేతిలోనే. ఆదివారం వాడి మెడకు గుడ్డ కట్టి, తనే ఆల్బమ్ పెట్టి, తనే సౌండ్ పెంచింది. నేను వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"నాయనా, స్పీకర్ వరండాలో పెట్టించి, నా కుర్చీ కిటికీ దగ్గర వేయించుకోనా?"

వాడి నోరు ఏదేదో అంది. తల మాత్రం భేషుగ్గా ఊగింది.

"ఒప్పుకున్నారత్తయ్యా" అంది కోడలు. కత్తెర చెవి పక్కనే ఉంది గనక వాడు లేవలేకపోయాడు.

ఇప్పుడు ఆ వంద పాటలూ చీపురూ బకెట్టూ వింటున్నాయి. నేను కిటికీ దగ్గరున్నాను. జుట్టు మొలిచాక బ్యాంకు గుమాస్తా మళ్లీ వచ్చాడు. లారీ కథ ఎత్తుకున్నానో లేదో చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇది పోయినసారే చెప్పారు మామ్మగారూ. అప్పుడు లారీ బోల్తా పడలేదు."

చూడండి అన్యాయం! ఒకే పాట వందసార్లు మోగితే ఆల్బమ్, ఒక కథ రెండుసార్లు చెబితే చాదస్తమా? అయినా నాకు కోపం రాలేదు. ఆ దుబ్ దుబ్ మొదలైనప్పటినుంచీ మా ఇంట్లో అందరూ అన్నిటికీ తలూపినవాళ్లే. కాదన్నవాడు ఇతనొక్కడే. విన్నాడు గనకే కాదన్నాడు. అతనికి లారీ కథ మొదటినుంచీ మళ్లీ చెప్పాను.

మీరూ ఇందాకటినుంచి తలూపుతున్నారు, చూస్తూనే ఉన్నాను. మీ కుర్చీ కింద ఏదైనా మోగుతోందేమో చూసుకోండి. ఏమీ మోగకపోతే ఈ ముచ్చట గుర్తుంచుకుని ఇంకొకరికి చెప్పండి. చెప్పేముందు మాత్రం పాట కట్టేయండి.