నలభై ఒక్కరూ ఒక అడుగు కిందికి

ఆ ఆదివారం పొద్దున పురుషోత్తం పెట్టుకున్న పనులు నాలుగే. ఉప్మా తినడం, గడ్డం గీసుకోవడం, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పదకొండు గంటలకు సైనిక్‌పురి ఫంక్షన్ హాలుకు వెళ్లడం, ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత కలుస్తున్న డిగ్రీ క్లాసువాళ్ల చప్పట్ల మధ్య కాలేజీ వందేళ్ల సంచిక ముద్రించే ఆర్డరు అందుకోవడం. మొదటి మూడూ తన చేతిలో పనులే కాబట్టి నాలుగోదీ అంతేనని అతని ధీమా.

చిలకలగూడలో అతనికి సొంత ప్రెస్సుంది. పెళ్లికార్డులు ఫోన్లలోకి వెళ్లిపోయాక రెండు మిషన్లలో ఒకటి అమ్మేశాడు. రెండోదాన్ని చూడ్డానికి కూడా ఒకాయన వచ్చి, చుట్టూ తిరిగి, తట్టి చూసి వెళ్లాడు. వందేళ్ల సంచికంటే రెండు వేల మంది పాత విద్యార్థుల వివరాలు. ఆ పని దొరికితే మిషను నిలబడుతుంది. ఇచ్చేదీ లేనిదీ తేల్చేవాడు అదే క్లాసులో చదివిన సత్యదేవ్. సైన్యంలో కల్నల్‌గా చేసి ముందుగానే రిటైరై, పూర్వ విద్యార్థుల సంఘానికి అధ్యక్షుడయ్యాడు.

"ముందు మన క్లాసు నలభై రెండు మందిదీ చిన్న పుస్తకం వెయ్యి. ఎవరేం చేస్తున్నారు, పిల్లలెంతమంది, అంతే. తప్పుల్లేకుండా వచ్చిందా, పెద్దది నీదే" అన్నాడు సత్యదేవ్.

పురుషోత్తం ఒక్కో అక్షరాన్నీ మూడుసార్లు దిద్దాడు. శనివారం సాయంత్రానికి పుస్తకాన్ని అందరిళ్లకూ చేర్చాడు.

ఉప్మా రెండో ముద్ద నోట్లో ఉండగా ఫోను మోగింది. బుల్లబ్బాయి. భీమవరం నుంచి వచ్చి మల్కాజిగిరిలో పచ్చళ్ల వ్యాపారం చేసుకుంటున్న క్లాస్‌మేటు.

"ఒరే పురుషోత్తం, నేను పాస్టర్ని ఎప్పుడయ్యానురా?"

"ఏందిరా?"

"నువ్వే వేశావుగా. 'పద్దెనిమిదేళ్లుగా ప్రభువు సేవ, ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన' అని. శుక్రవారం శుక్రవారం సరుకు కొనడానికని వెళ్లేది ఇక్కడికేనా అని మా ఆవిడ తెల్లారినప్పట్నించీ అడుగుతోంది. రొయ్యల పచ్చడి పెట్టుకునేవాడికి ఉపవాసాలేంట్రా?"

ఆ ఫోను పెట్టేలోపే ఇంకోటి. క్లాసులో అసలు పాస్టరైన లూకా భార్య ఫెయిత్.

"వందనాలన్నా. మా ఆయన రెండో పెండ్లి చేసుకున్నడంట. 'ఆలస్యమైనా మంచి తోడు దొరికింది' అని నువ్వే అచ్చేసినవ్. ఆమె పేరు సుత రాస్తే అయిపోతుండె కదా."

"తప్పు పడ్డదమ్మా. లూకా గసుంటోడు కాదు."

"నాకెరుకే అన్నా. తొమ్మిదింటికి ఆరాధన ఉన్నది. సంఘపెద్దలు పుస్తకం పట్టుకొని గేటు కాడ నిలవడ్డరు. వాళ్లకు ఎరుక లేదు."

పురుషోత్తం ల్యాప్‌టాప్ తెరిచి, అందరూ రాసి పంపిన కాగితాలు పక్కన పరిచాడు. ఐదు నిమిషాల్లో సంగతి బయటపడింది. పుస్తకంలో ఎడమవైపు పేర్లు, కుడివైపు వివరాలు. పేర్లన్నీ కాలేజీ హాజరుపట్టీ వరసలో, అంటే ముందు ఆడపిల్లలు, తర్వాత మగపిల్లలు. ఒకటో నంబరు సీతారత్నం, నలభై రెండో నంబరు సత్యదేవ్. శుక్రవారం సాయంత్రం సత్యదేవ్ ఫోన్ చేసి, "అధ్యక్షుడి పేరు అట్టడుగున ఏం బాగుంటుంది, పైకి తియ్యి" అన్నాడు. పురుషోత్తం తీశాడు. ఆ పేరు పైకెక్కగానే మిగిలిన నలభై ఒకటీ తలా ఒక మెట్టు దిగాయి. వివరాలకు ఎవరూ చెప్పలేదు కాబట్టి అవి ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

"మరి కల్నల్ పక్కన ఏమొచ్చింది?" అంటూ అతని భార్య ఊర్మిళ పుస్తకం అందుకుని చదివింది. "'గృహిణిని. ముగ్గురు ఆడపిల్లల తల్లిని. తీరిక వేళల్లో స్వెట్టర్లు అల్లుతాను. ఈ మధ్యే మోకాలి నొప్పి తగ్గింది.'"

పురుషోత్తం ఉప్మా ప్లేటు పక్కకు జరిపాడు.

"ఇగ మిషను పాయె."

"ఆయన జరపమంటేనే జరిపినవ్ కదా. గదే చెప్పు."

"తప్పు నీదే సారూ అని చెప్పి, గా నోటితోనే ఆర్డర్ అడగాల్నా?"

ముందు మంట ఆర్పాలని క్లాసు గ్రూపులో మెసేజ్ పెట్టాడు. 'చిన్న పొరపాటు. ఎవరి వివరాలు వారి కింది పేరు దగ్గర ఉన్నాయి. మన్నించగలరు.' పది నిమిషాలు ప్రశాంతంగా గడిచాయి. మళ్లీ ఫెయిత్.

"అన్నా, నువ్వు చెప్పినట్టే కింద చూసినం. ఇందాక పెండ్లే ఉండె. గిప్పుడు కవలలు సుత పుట్టిన్రు."

ఊర్మిళ ఫోను లాక్కుని చూసింది. "కింద కాదయ్యా, పైన." అతను మెసేజ్ మార్చి పెట్టాడు. అప్పటికే సగం మంది కిందా, సగం మంది పైనా వెతుక్కుంటూ, దొరికిన బతుకుల గురించి తగాదా పడుతున్నారు.

చివరి ఫోను నేరేడ్‌మెట్‌లో పాల డెయిరీ నడిపే వీరయ్యది. హాజరులో నలభై ఒకటో నంబరు. అంటే కల్నల్ వివరాలు చేరింది అతని దగ్గరికే.

"పురుషోత్తం, మా అమ్మ నీ పుస్తకం మనవరాలితోని గల్లీ మొత్తానికి చదివిపించింది. నేను మంచుకొండల మీద రెండేండ్లు కావలి గాసిన్నంట, శౌర్య పతకం సుత వచ్చిందంట. ఎదురింటామె నాకు హారతిచ్చింది."

"నిజం చెప్పరాదురా."

"చెప్పిన. నువ్వు మిలిట్రీ రహస్యం దాస్తున్నవ్ బిడ్డా అన్నది అమ్మ. హాలుకు సుత వస్తనంటున్నది."

"ఆడ అసలు కల్నల్ ఉంటడురా."

"గందుకే ఫోన్ చేసిన. జెర చూసుకో."

పదకొండు గంటలకు హాల్లో అందరూ ఉన్నారు. లూకా ఆరాధన ముగించుకుని భార్య చెయ్యి పట్టుకునే వచ్చాడు, పదిమందికీ కనపడేలా. కల్నల్ సత్యదేవ్ మొదటి వరసలో ఎర్ర పెన్సిలు పట్టుకుని పుస్తకం తిరగేస్తున్నాడు. పురుషోత్తం ఆయన వైపు రెండడుగులు వేశాడో లేదో, వీరయ్య తల్లి దేవమ్మ పట్టుచీర కట్టుకుని, కొడుకు భుజం ఆసరాగా వెళ్లి సరిగ్గా కల్నల్ పక్క కుర్చీలో కూర్చుంది.

"ఈడు నా కొడుకు. కల్నల్. మంచుకొండల మీద ఉన్నడు, ఇంట్ల మాకే చెప్పలే" అంది గర్వంగా. "నువ్వేం జేస్తవ్ బిడ్డా?"

హాలు హాలంతా చెవులు రిక్కించింది. వీరయ్య నేలచూపులు చూశాడు. పురుషోత్తానికి తన మిషను లారీ ఎక్కుతున్నట్టే అనిపించింది. సత్యదేవ్ ముసలమ్మ ముఖం చూశాడు, వీరయ్య ముఖం చూశాడు, చేతిలో పుస్తకం చూసుకున్నాడు.

"గృహిణినండీ" అన్నాడు. "స్వెట్టర్లు అల్లుతాను."

ఆ వివరాలు రాసి పంపిన సీతారత్నం కొంగు నోట్లో కుక్కుకుంది. దేవమ్మ ఆయన చెయ్యి నిమిరింది. "కానియ్ బిడ్డా. ఏ పనైతేంది."

"ఈమధ్య మోకాలి నొప్పి కూడా తగ్గిందండీ" అని చెప్పి లేచి, సత్యదేవ్ పురుషోత్తాన్ని వేలితో ఒక మూలకు పిలిచాడు.

"మొత్తం చూశాను. ఒక్క అక్షరదోషం లేదు. నేను తప్ప నలభై ఒక్కరూ ఒకేసారి, ఒకే అడుగు కిందికి దిగారు. ఎవరు జరిపారు?"

"నేనే జరిపిన."

"జరపమన్నదెవరు?"

పురుషోత్తం చొక్కా గుండీ సర్దుకున్నాడు.

"చెప్పడానికి అంత ఆలోచనేంటోయ్?"

"మిషను ఒక్కటే మిగిలింది సత్యదేవ్."

సత్యదేవ్ హాలు వైపు తిరిగాడు. దూరంగా వీరయ్య చుట్టూ చేరినవాళ్లకు దేవమ్మ కొండల చలి గురించి వివరిస్తోంది. ఆయన కూడా రెండు మాటలు విన్నాడు.

"నాకంటే ఆవిడే బాగా చెబుతోంది" అన్నాడు. "సరే, పెద్ద సంచిక నీదే. కానీ ఒక షరతు. ప్రూఫులన్నీ నేనే చూస్తాను. ప్రతి పేజీ కిందా నేను సంతకం పెట్టాకే అచ్చుకెళ్లాలి. నిన్ను నమ్మలేను."

అవమానం అవమానమే. అయినా పురుషోత్తం క్షణం ఆలస్యం చేయకుండా ఒప్పుకున్నాడు. అచ్చు వ్యాపారంలో, సంతకం పడ్డాక దొరికిన తప్పు ఏనాడూ ప్రెస్సువాడిది కాదు.