మూతపడ్డ గదుల సంగతులు, ఎనభై ఎనిమిదో పేజీ

“ఈ కాగితాల మూలంగా మనకేదో మూడుతుందే తల్లీ. పొద్దుటినుంచీ నా మనసు కీడే శంకిస్తోంది,” అంది అమ్మ, కలం మూత తీస్తూ.

“నీ మనసు రోజూ శంకిస్తుంది. ముందు రాయి,” అంది కూతురు.

ఆ ఉదయం ఏర్పాటు చాలా మామూలుది. కూతురు ఒక చిన్న వారపత్రికలో వాదప్రతివాదాల పేజీ చూస్తుంది. స్నానాలగదిలో జారిపడి కుడి మణికట్టుకు కట్టు కట్టించుకుంది. వచ్చిన ఉత్తరాలను శుభ్రంగా తిరగరాసి పదింటికల్లా ఆఫీసులో ఇవ్వాలి. టైపు చేసే ఆయన కొట్టివేతలున్న కాగితాన్ని ముట్టడు. ఎనిమిదో తరగతితో బడి మానేసినా అమ్మ దస్తూరీ ముత్యాల కోవ. అందుకని కూతురు తయారవుతుంటే అమ్మ రాయడానికి కూర్చుంది.

ఆ నెల చర్చ, ఇంట్లో వాడని గదికి తాళం వేసి ఉంచవచ్చా అని. తాళాలు బాగుచేసే పెద్దాయన ఉంచాలంటాడు. ఆస్పత్రి ఉద్యోగం నుంచి రిటైరైన నర్సమ్మ వద్దంటుంది. నర్సమ్మ ఉత్తరంలో ఆఖరి వాక్యం ఇది: ‘ఏడేళ్ళు మూసి ఉంచిన గది ఎనిమిదో ఏట లోపలినుంచి తలుపు తట్టడం మొదలుపెడుతుంది.’

అమ్మ చేయి అక్కడ ఆగింది. వాక్యానికి భయపడి కాదు, దాని కింద ఏ పుస్తకం పేరూ లేనందుకు. ఆధారం లేని ఉత్తరం బుట్టదాఖలు అన్నది ఆ పేజీ నియమం. ఉత్తరం పోతే పేజీ సగం ఖాళీ. ఖాళీ అయితే సంపాదకుడు మండిపడతాడు. మండిపడితే ఉద్యోగం ఊడుతుంది. ఊడితే... అమ్మ ఆలోచన ఎప్పుడూ ఇలా మెట్టు మెట్టూ దిగి నూతిలోకే వెళుతుంది. కిటికీలోంచి ఒక బస్సు కనబడింది. దాని నుదుట ఎనభై ఎనిమిది. ‘మూతపడ్డ గదుల సంగతులు, 88వ పేజీ’ అని రాసేసి, సిరా ఆరేదాకా ఊదింది. అలాంటి పుస్తకం లోకంలో లేదని ఆవిడకు తెలుసు.

మరుసటి వారం తాళాలాయన జవాబు వచ్చింది. తిరగరాస్తూ అమ్మ కొయ్యబారిపోయింది. ‘నర్సమ్మగారు ఎనభై ఎనిమిదో పేజీ దగ్గరే నిద్రపోయినట్టున్నారు. తొంభై ఒకటో పేజీ చూడమనండి. తట్టేది గది కాదు, తాళం వేసినవాడి చెయ్యే అని గ్రంథకర్త అక్కడ ఒప్పుకున్నాడు.’

“ఇదెక్కడిదే?” అంది అమ్మ, కాగితం కూతురి ముందుకు తోస్తూ.

“పుస్తకంలోది. రాశాడుగా.”

“నువ్వు చూశావా?”

“నేనెందుకమ్మా చూడ్డం! తప్పయితే ఎదుటివాళ్ళు పట్టుకుంటారుగా. నర్సమ్మగారు ఊరుకునే మనిషా?”

నర్సమ్మ ఊరుకోలేదు. తను రాయని పుస్తకం పేరు తన ఉత్తరం కింద అచ్చయ్యేసరికి మొదట బిత్తరపోయిందిగానీ, ఆ హోదా బాగుందనిపించిందేమో, ఈసారి నూట పన్నెండో పేజీనుంచి ఎత్తిరాసింది: ‘తట్టింది విని తెరవనివాళ్ళకు, తర్వాత పేరు పెట్టి పిలవడం వినబడుతుంది.’ ఆ పై వారం ఒక దర్జీ, ఆ పుస్తకం తన తండ్రి దగ్గర ఉండేదనీ, అట్ట నల్లగా ఉండేదనీ, ఎంత ఎండలో పెట్టినా చల్లగానే ఉండేదనీ రాశాడు.

అమ్మకు అన్నం సహించడం మానేసింది. నిజం చెబితే కూతురి ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే పుస్తకం పెరుగుతోంది. పైగా వాళ్ళింట్లోనూ చివరి గదికి తాళం ఉంది. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఏడేళ్ళ నాలుగు నెలలు. ఒక మిట్టమధ్యాహ్నం ఇంట్లో ఒంటరిగా ఉండగా, అటునుంచి టక్ మంది. కాస్సేపాగి మళ్ళీ టక్.

“ఎవరది?” అంది అమ్మ.

టక్ మనడం ఆగిపోయింది. అదే ఆవిడకు నచ్చలేదు. ఎలకైతే మాట విని ఆగదు.

సాయంత్రం కూతురు వచ్చేసరికి కుట్టుమిషను ఆ తలుపుకు అడ్డంగా ఉంది.

“లోపలివాళ్ళు బయటికి రాకుండానా?” అని నవ్వింది కూతురు.

“కాదే. నన్ను పేరు పెట్టి పిలిస్తే నేను వెళ్ళి తెరుస్తానేమోనని.”

చివరికి అమ్మ శంకించింది రానే వచ్చింది. ఒక ఇంట్లో అద్దెకున్నాయన నూట పన్నెండో పేజీ మాట పత్రికలో చదివి, రాత్రుళ్ళు పేరు వినబడుతోందని, యజమాని తాళం వేసుకున్న గది తలుపు గునపంతో పగలగొట్టాడు. యజమాని విరిగిన తలుపు చెక్క మోసుకొచ్చి సంపాదకుడి బల్లమీద పడేశాడు. సంపాదకుడు కూతుర్ని పిలిచాడు.

“రేపు పదకొండింటికి ఆ పుస్తకం ఈ బల్లమీదుండాలి. లేకపోతే ఎల్లుండినుంచి నువ్వు రానక్కర్లేదు.”

కూతురు ఒంటిచేత్తో ఫోన్లు చేసింది. “పేరెత్తింది ఆవిడ, చూపించాల్సిందీ ఆవిడే,” అన్నాడు తాళాలాయన. “అనుమానం ఎవరిదో వెతుకులాట వాళ్ళది. నా మోకాళ్ళతో నేనెక్కడ వెతకనమ్మా?” అంది నర్సమ్మ. “అచ్చువేసింది మీరు, ఈమాత్రం పరిశోధన చెయ్యకుండానే వేశారా?” అన్నాడు దర్జీ. కూతురు ఫోను పెట్టేసి ఏడ్చింది.

మర్నాడు తొమ్మిదింటికి అమ్మ గ్రంథాలయం తలుపు తెరవకముందే మెట్లమీద ఉంది. పుస్తకం లేదని రాయించుకుంటే చాలు, తర్వాత కాళ్ళావేళ్ళా పడవచ్చనుకుంది.

“ఆ పుస్తకమేనా?” అన్నాడు గ్రంథాలయం గుమాస్తా, ఆవిడ నోరు విప్పకముందే. సొరుగులోంచి ఒక కార్డు తీశాడు. పేరు ఉంది. కింద ‘బయటికి వెళ్ళింది’ అని ఉంది. తీసుకెళ్ళిన వాళ్ళ పేరు లేదు. చివరి వరస బీరువా దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. రెండు లావు పుస్తకాల మధ్య ఒక పుస్తకం పట్టేంత ఖాళీ. అటూ ఇటూ వేలెడు దుమ్ము. ఆ ఖాళీలో మాత్రం దుమ్ము లేదు.

అమ్మ గుమాస్తా చేయి పట్టుకుంది. “బాబూ, నువ్వు నాతో ఆఫీసుకు రావాలి. ఒక్కర్తినీ చెబితే నేనే నన్ను నమ్మను,” అంది.

పదకొండింటికి సంపాదకుడి గదిలో నర్సమ్మ, తాళాలాయన, కూతురు వరసగా కుర్చీల్లో ఉన్నారు. అమ్మ కూర్చోలేదు. “ఆ పుస్తకం లేదండీ. నేనే పుట్టించాను. మా అమ్మాయికి తెలియదు,” అని ఒక్క గుక్కలో చెప్పేసింది.

“లేదా? మరి గ్రంథాలయంలో కార్డు ఉందటగా?” అన్నాడు సంపాదకుడు.

గుమాస్తా తేలుకుట్టిన దొంగలా తలదించుకున్నాడు. “ఏం చెయ్యమంటారు సార్! రోజుకు పదిమంది వచ్చేవాళ్ళు. లేదంటే నీకు వెతకడం రాదని తిట్టేవాళ్ళు. బయటికి వెళ్ళిందంటే మాత్రం దణ్ణం పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. అందుకే కార్డు రాశాను. ఆ ఖాళీని రోజూ నేనే తుడుస్తున్నాను.”

“ఆ నూట పన్నెండో పేజీ సంగతేమిటండీ నర్సమ్మగారూ?” అంది కూతురు.

“ఆయన తొంభై ఒకటి చదివానంటే నేను వెనకబడి ఉంటానా?” అంది నర్సమ్మ, ముక్కు తుడుచుకుంటూ.

సంపాదకుడు చాలాసేపు విరిగిన తలుపు చెక్కను చూశాడు. ఆయన కూడా అచ్చుకు ముందు ఒక్కసారీ అడగలేదన్న సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. చివరికి ఒక కాగితం నర్సమ్మ, తాళాలాయనల ముందుకు తోశాడు. “ఈ పుస్తకాన్ని మేము చూడలేదు, చదవలేదు అని ఇద్దరూ సంతకాలు పెట్టండి. వచ్చే వారం వేస్తాను. తప్పు తలా ఇంత పంచుకుంటే అమ్మాయి ఉద్యోగం ఉంటుంది. ఒక్కరు పెట్టకపోయినా ఉండదు.”

నర్సమ్మ టక్కున పెట్టేసింది. కాగితం తాళాలాయన ముందుకు వెళ్ళింది. ఆయన కలం తీసుకోలేదు. మొదటినుంచీ చివరిదాకా రెండుసార్లు చదివాడు. ఫ్యాను తిరుగుతోంది. కూతురు కట్టుకట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఆయన వేళ్ళకేసే చూస్తోంది.

“బాబాయిగారూ, మీకు పుణ్యముంటుంది, మా పిల్ల బతుకు,” అంది అమ్మ.

గోడగడియారం నిమిషం ముల్లు ఐదు గీతలు దాటింది. అప్పుడు తాళాలాయన కలం అందుకుని, సంతకం పెట్టి, అమ్మకేసి కాస్త చిన్నబుచ్చుకున్నట్టు చూశాడు.

“పిల్ల కోసం పెట్టానమ్మా. ఎలాగూ పోయిన సోమవారమే చదవడం అయిపోయి, తిరిగిచ్చేశాను కదా.”