కాస్త వెచ్చగా ఉంటుందంతే

బడికి కూలర్ కావాలనేవాళ్ళు సైన్సుకు శత్రువులు! ఈ మాట పూర్తి స్పృహలో ఉండే రాస్తున్నాను. దక్షిణార్ధగోళంలోని మా ఎడారి ఊరు మల్గా వెల్స్‌లో, నడి ఎండాకాలమైన ఫిబ్రవరి మధ్యాహ్నం పూట స్పృహలో ఉండటమే గొప్ప కనుక, దయచేసి నా మాట నమ్మండి.

వేడెక్కితే గాలిలోని అణువులు వేగంగా పరుగెడతాయి, గోడల్ని గట్టిగా గుద్దుతాయి, పీడనం పెరుగుతుంది. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి సముద్రం పక్క పట్నాల్లో ఎన్ని తంటాలు! బర్నర్లు, గాజు గొట్టాలు, కళ్ళద్దాలు, తల్లిదండ్రుల సంతకాలు! మాకవేమీ అక్కర్లేదు. మా రేకుల గదే బర్నరు. పిల్లల్ని అందులోనే కూర్చోబెడతాం.

మా సైన్సు టీచరు మిస్ హాలొరన్ మొన్న బెలూన్ నిండా ఊది కిటికీకి కట్టారు. ఆవిడ బోర్డు వైపు తిరిగేలోపు అది ఢామ్మంది.

“ఎందుకు పేలిందర్రా?”

“దానిక్కూడా ఇక్కణ్ణించి పారిపోవాలనిపించింది మిస్!” అంది వెనక బెంచీలోంచి డార్సీ.

“దాదాపు కరెక్టే. కూర్చో.”

చూశారా, ఎంత సులువో! ఇక వాసనల సంగతి. చల్లటి ఊళ్ళో ఒకడి డబ్బాలో కోడిగుడ్డు శాండ్‌విచ్ ఉందని పక్కవాడికి తెలియడానికే పావుగంట పడుతుంది. మా గదిలో మూత తీయడమే ఆలస్యం, చివరి బెంచీ దాకా అందరూ ముక్కులు మూసుకుంటారు. పుస్తకాల్లో దీన్ని వ్యాపనం అంటారు. మా పిల్లలు దాన్ని పీల్చి నేర్చుకున్నారు.

అంతెందుకు, పదింటికి మా పిల్లలు బెంచీల్లో ఘనపదార్థంలా కూర్చుంటారు. పన్నెండింటికి ద్రవంలా కిందికి జారతారు. రెండింటికి ఎవరు ఏ మూలనున్నారో టీచరుకే తెలియదు! ఇంత చక్కటి పాఠాన్ని కూలర్ పెట్టి పాడుచేస్తారా?

అదృష్టం కొద్దీ పై ఆఫీసువాళ్ళు అలాంటి పొరపాటు చేయలేదు. నిరుడు జులైలో, నిండు చలికాలంలో, ఒక అధికారి స్వెటర్ తొడుక్కుని వచ్చాడు. రేకుల గదిలో థర్మామీటర్ పెట్టి పద్దెనిమిది డిగ్రీలని రాసుకున్నాడు. మనిషి మంచివాడే, నోరు తెరిచి అడిగాడు కూడా.

“ఎండాకాలంలో బాగా వేడిగా ఉంటుందాండీ?”

బడి కమిటీ అధ్యక్షుడు టోపీ వెనక్కి నెట్టుకుని, “కాస్త వెచ్చగా ఉంటుందంతే” అన్నాడు.

మా భాష గురించి ఇక్కడో మాట చెప్పాలి. వేడిగా ఉందని ఒప్పుకోవడం మా ఊళ్ళో నామోషీ. రోడ్డు తారుకు చెప్పులు అతుక్కుపోయినా కాస్త వెచ్చగా ఉన్నట్టే. మా మెర్వ్ బాబాయికి వడదెబ్బ తగిలి అంబులెన్సులో తీసుకెళ్తుంటే, “ఎలా ఉంది తాతా?” అని నర్సు అడిగింది.

“కాస్త వెచ్చగా ఉందమ్మా” అన్నాడు, కళ్ళు తేలేస్తూనే.

పాపం ఆ అధికారి పట్నంవాడు. మా మాట అతనికేం తెలుసు? విన్నది విన్నట్టు రాసుకున్నాడు. ‘కూలర్ అనవసరం’ అని కింద గీత కూడా గీశాడు.

పాఠంలో ఇంకో ముక్క ఉంది. వేడికి అన్నిటికంటే చురుకైన అణువులే ముందుగా ఎగిరిపోతాయట. మూడేళ్ళలో ఇద్దరు సైన్సు టీచర్లు అలాగే ఎగిరిపోయారు. నిన్న హాలొరన్ మిస్ కూడా బదిలీ అడిగారు.

“పాఠం మధ్యలో రెండుసార్లు కళ్ళు తిరిగి పడ్డానండీ. ఈ పిల్లల్ని వదలడం నాకిష్టం లేదు. కానీ ఇక నావల్ల కాదు” అన్నారు.

ఇంజనీరు కావాలని కలలు కంటున్న డార్సీ నా కూతురు. బడి నుంచి వచ్చి ఏడుస్తూ, “నాన్నా, ఆ ఆఫీసరుతో అలా ఎందుకు చెప్పావు?” అని అడిగింది.

అవును, ఆ అధ్యక్షుణ్ణి నేనే. నా పరువు కోసం నా బిడ్డ చదువు పోగొట్టాను. సిగ్గుగా ఉంది.

ఇవాళ పై ఆఫీసుకు ఉత్తరం రాశాను. ‘అయ్యా, మా బడిలో భరించలేనంత వేడిగా ఉంది. కూలర్ పెట్టించండి. మా టీచరును పోనివ్వకండి.’ ఈ మూడు వాక్యాలకు రెండు గంటలు పట్టింది. తర్వాత సంతకాల కోసం ఊరంతా తిప్పాను. చదివిన ప్రతివాడూ నిజమేనని తలూపాడు.

సంతకం మాత్రం డార్సీ ఒక్కతే పెట్టింది.