అన్నయ్య పెట్టె, తమ్ముడి పెట్టె

ఆ ఆదివారం కళ్ళద్దాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. చూపు పరీక్షించి కళ్ళద్దాలమ్మే దుకాణానికి సెలవు. కాఫీ తాగి, గిటారు శబ్దాన్ని పెంచే రెండు ఆంప్లిఫయర్ పెట్టెలనూ పక్కపక్కన పెట్టుకుని, మధ్యాహ్నం దాకా తనివితీరా వినాలి.

ఒకటి ఆయనదే, అమెరికన్ రకం. తీగ మీటితే గాజుగ్లాసును చెంచాతో తట్టినట్టు తేటగా ఖంగుమంటుంది. రెండోది బ్రిటిష్ రకం, పోయినేడు కన్నుమూసిన అన్నయ్యది. దానిది బొంగురు గొంతు. గట్టిగా వాయిస్తే గుర్రుమంటుంది. ఏది గొప్పదో అన్నదమ్ములిద్దరూ ముప్పై ఏళ్ళు వాదించుకున్నారు. వాదన తేలకుండానే అన్నయ్య వెళ్ళిపోయాడు. నిన్ననే వదిన ఆ పెట్టెను పంపింది. అన్నయ్యే గదిలోకి రాబోతున్నట్టు ఆయన ఇంకో కుర్చీ వేశాడు.

ముందు అన్నయ్య పెట్టెలో వాయించాడు. బొంగురుగా పలికింది. వైరు మార్చి తన పెట్టెలో వాయించాడు. అదీ బొంగురుగానే పలికింది.

వెంటనే రేడియో మెకానిక్‌కు ఫోను చేశాడు. "మొన్న రిపేరుకిస్తే నా పెట్టెలో సామానంతా మార్చేశావా? అమెరికన్‌ది కాస్తా బ్రిటిష్‌దైపోయింది!"

మెకానిక్ పరుగెత్తుకొచ్చి, పెట్టె వెనక విప్పి చూశాడు. "ఫ్యూజొక్కటే మార్చాను సార్. అన్నీ అసలువే. రెండూ ఒక్కలా పలుకుతున్నాయంటే, మీకొచ్చిన రెండోదే వేరేదేమో!"

ఆ మాట చాలు. కళ్ళద్దాలాయన వదినకు ఫోను కలిపాడు. "వదినా, అన్నయ్యదానికి బదులు ఇంకేదో పంపినట్టున్నారే?"

అవతల "ఉండు, వస్తున్నా" అంటూ ఫోను ఠక్కున పెట్టేసిన చప్పుడు.

ఆవిడ వచ్చేలోగా ఆయన తన పెట్టెకున్న ట్రెబుల్ బటన్‌ను, సన్నటి శబ్దాలు పెంచేదాన్ని, చివరికంటా తిప్పి వాయించాడు. ఇంకా మొద్దుగానే ఉంది. మెకానిక్ రెండు చెవులూ మూసుకుని ఏదో అరుస్తున్నాడు. అంతలో వదిన గుమ్మంలోకి వచ్చింది.

"పాతికేళ్ళు ఆ పెట్టె దుమ్ము తుడిచినదాన్ని. నీకు మార్చి పంపుతానా మరిదీ?" అంటూ కుర్చీ లాక్కుని గోడవైపు తిరిగి కూర్చుంది. "వాయించు. ఏది ఎవరిదో చూడకుండానే చెబుతా."

మెకానిక్ చప్పుడు కాకుండా వైరు మార్చాడు. ఆయన తీగ మీటాడు.

"ఇది నీది. చెవిలో సూది గుచ్చినట్టుంది."

వైరు మళ్ళీ మారింది. ఈసారి వదిన తల వంచుకుంది.

"ఏం వదినా, తెలియట్లేదా?"

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మీ అన్నయ్య స్నానం చేసి, తలైనా తుడుచుకోకుండా వచ్చి కూర్చునేవారు. ఇదే చప్పుడు."

ఐదుసార్లు మార్చారు. ఐదుసార్లూ వదిన సరిగ్గానే చెప్పింది.

మెకానిక్ గొంతు సవరించుకున్నాడు. "పెట్టెలు రెండూ బాగానే ఉన్నాయి సార్. సన్నటి శబ్దాలే మీ చెవిదాకా రావట్లేదు. డాక్టరుకు చూపించుకోండి."

ఊరందరి చూపునూ పరీక్షించే మనిషి గిటారును ఒళ్ళో పెట్టుకుని చతికిలబడ్డాడు. ముప్పై ఏళ్ళు వెనకేసుకొచ్చిన ఆ ఖంగు తనకే లేకుండా పోయింది. మిగిలింది అన్నయ్య బొంగురు గొంతే.

"వాదనలో అన్నయ్యే గెలిచాడు వదినా. మీ మీద నోరు పారేసుకున్నాను, క్షమించండి."

"అవన్నీ తర్వాత. ఆ రెండోదే మళ్ళీ వాయించు."

వాయించాడు. మధ్యాహ్నం దాటింది. పైవాటావాళ్ళు దిగొచ్చి రెండుసార్లు తలుపు బాదారు. ఆయనకు వినపడలేదు, ఆవిడ వినిపించుకోలేదు.