గుండీల డబ్బా

ఆ రోజు పొద్దున్నే మనవరాలి బడి చొక్కా కుట్టేసి, మధ్యాహ్నం హాయిగా కునుకు తీద్దామనుకున్నాడు టైలరు తాతయ్య. కుట్టాడు కూడా. కాకపోతే జేబు వీపు మీద పడింది.

ఇంకేముంది, ఇల్లంతా గగ్గోలు. నాన్నకు మతి తప్పిందని కొడుకు తేల్చేశాడు. సాయంత్రానికల్లా కుట్టుమిషను ఎవరికైనా ఇచ్చేయాలన్నాడు. యాభై ఏళ్ల తోడు పోతుందనేసరికి తాతయ్యకు ఏడుపొచ్చింది. లేవబోయి తూలాడు. కోడలు పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది.

డాక్టరు తలకు స్కానింగు రాయబోతూ ఆగి, క్లినికల్ ఫార్మసిస్టును పిలిచాడు. రోగి వాడే మందులన్నీ సరిచూడటం ఆమె పని. చూడబోతే పిట్టంత మనిషి. మందులన్నీ చూపించమంటే కోడలు సంచిలోంచి గుండీల డబ్బా తీసింది. తాతయ్యకు రేకులంటే చిరాకు. మాత్రలన్నీ వలిచేసి, గుండీల పక్కనే, రంగుకో అరలో పోసుకుంటాడు.

ఆమె విసుక్కోలేదు. ఒక్కో మాత్రనూ తిప్పి దాని మీది అచ్చు చదివింది, పాత చీటీలతో పోల్చింది, ఏది ఎప్పుడు మొదలెట్టారో అడిగింది. అబ్బ, ఏం చదువండీ అది! అరగంటలో చిక్కుముడి మొత్తం విడిపోయింది. బీపీ మాత్రకు కాళ్లు వాచాయి. వాపు తగ్గాలని రెండో డాక్టరు నీరు తీసే మాత్ర ఇచ్చాడు. దాంతో పదేపదే బాత్రూముకు పరుగులు. అవి ఆగాలని మూడో డాక్టరు మరొకటి రాశాడు. ఆ మరొకటే బుర్రను మొద్దుబార్చి, జేబును వీపుకెక్కించింది.

"పెద్దాయన మతి ఎక్కడికీ పోలేదు సార్. ఆ బీపీ మాత్ర ఒక్కటి మారిస్తే, వెనకాలొచ్చిన రెండూ అక్కర్లేదు" అంది. డాక్టరు చీటీలన్నీ మళ్లీ చూసి, నిజమేనని ఒప్పుకున్నాడు. ముగ్గురు డాక్టర్లకు దొరకనిది ఈ పిట్ట పట్టేసిందని కోడలు నోరెళ్లబెట్టింది.

చివరి అర దగ్గర మాత్రం ఆమె చెయ్యి ఆగిపోయింది.

"తాతగారూ, ఈ నీలం వాటికి నాలుగేసి చిల్లులున్నాయేంటి?"

"అది మాత్రం మార్చకమ్మా. నాలుగు రోజులుగా పొద్దున్నే ఒకటి వేసుకుంటున్నా. నాకు పడిందల్లా అదొక్కటే."

తలకు రాయబోయిన స్కానింగును డాక్టరు పొట్టకు రాశాడు.

మూడు వారాలకు తాతయ్య తల తేటపడింది. కొడుకే సిగ్గుపడుతూ మిషనుకు నూనె వేశాడు. తాతయ్య మొట్టమొదట కుట్టింది ఫార్మసిస్టుకు తెల్లకోటు. జేబులు ముందువైపే ఉన్నాయి.

గుండీలు మాత్రం వద్దని, జిప్పు చాలని ఆమె ముందే కబురు పంపింది.